నీలం బరువు

బిట్రగుంటలో మేం దిగేసరికి ఉదయం అయిదున్నర. రైలు అక్కడ ఎక్కువసేపు ఆగదు. ఇనప పెట్టెలు, బెడ్డింగులు, రేడియో సెట్టు దించుకునే లోపే గార్డు పచ్చజెండా ఊపేశాడు. చివరి పెట్టెని కదులుతున్న బండిలోంచి లాగాను. అది నా పెట్టె. అది పోయుంటే క్యాంపు మొత్తం తిరుగు రైలెక్కాల్సిందే.

టీ కొట్టతను పెట్టె మీద తెల్లరంగు అక్షరాలు చూసి దగ్గరికొచ్చాడు.

“మిలిట్రీనా అన్నా? ఏముండాయి దాంట్లో?”

“స్ప్రింగులు.”

“చెప్పకూడదంటే చెప్పబాకు. స్ప్రింగులంట!” అని నవ్వి, నా టీలో ఇంకో చెంచా పంచదార వేశాడు.

నేను చెప్పింది నిజమే. తుపాకులు ముందురోజే లారీలో వెళ్ళిపోయాయి. నా పెట్టె నిండా స్ప్రింగులే. సైన్యంలో నేను ఆర్మరర్‌ని. అంటే తుపాకీ కాల్చేవాణ్ణి కాదు, అది కాలేలా చూసేవాణ్ణి. ఇప్పుడు ఊళ్ళో పడవ ఇంజిన్లు బాగుచేస్తుంటాను. చుట్టూ చేరినవాళ్ళు మంచుకొండల గురించి అడుగుతారు. మంచు చూశాను. దాని గురించి చెప్పడానికి నా దగ్గర చలి తప్ప ఏమీ లేదు. ఆ ఏప్రిల్ నెల గురించి మాత్రం ఎవరూ అడగరు. నా సర్వీసు మొత్తంలో సొంత జిల్లాలో, సొంత సముద్రం ఒడ్డున, మా ఇంటికి సైకిల్ దూరంలో చేసిన డ్యూటీ అదొక్కటే. అడక్కపోయినా చెబుతాను.

మమ్మల్ని ఎక్కించుకున్న మిలిట్రీ జీపు బోగోలు ఊరు దాటి తూర్పుకి తిరిగింది. రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. తర్వాత కాలవ మీద వంతెన. ఆ తర్వాత సరుగుడు తోపులు. తోపు అవతల ఇసక, ఇసక అవతల సముద్రం. తోపు నీడలో డేరాలు వేసి ఉన్నాయి. నీళ్ళ ట్యాంకరు ఒకటి. సముద్రం వైపు తిరిగి ఇసక బస్తాల వరస. దానికి ఎదురుగా ఎత్తుగా పోసిన ఇసక కట్ట, దాని ముందు టార్గెట్లు. అదే మా కాల్పుల రేంజి. పక్కనే సరుగుడు కర్రలతో కట్టిన టవరు. కాల్పులు ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా, మళ్ళీ పన్నెండు నుంచి మూడు దాకా. ఆ వేళల్లో రేంజికి ఎదురుగా ఉన్న నీళ్ళలోకి పడవ రాకూడదు. వస్తే టవరు చెబుతుంది, మేం ఆపుతాం. ఆర్డర్లు అంతే.

ముఖ్యమైనవాళ్ళం నలుగురం. జట్టు నడిపేది కెప్టెన్ మేడం. చెన్నై అమ్మాయి, ఇంజనీరింగు చదివింది. ఎదుటివాడు చెప్పేది పూర్తయ్యేదాకా నోరు తెరవదు. సైన్యంలో అలాంటి ఆఫీసర్లు తక్కువ. టవరు మీద రేడియో ఆపరేటరు, హర్యానా మనిషి. సముద్రాన్ని మొదటిసారి చూస్తున్నాడు. అంత నీళ్ళుండి ఒక్క చుక్క తాగడానికి పనికిరావని తెలిశాక రెండు రోజులు దిగులుపడ్డాడు. వీళ్ళిద్దరితో మాటలన్నీ హిందీలోనే. మీకోసం తెలుగు చేసి చెబుతున్నాను.

నాలుగోవాడు ఫైరరు. కాల్చి చూసేవాడు. శ్రీకాకుళం జిల్లా హవల్దారు. నాకంటే రెండేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను బావూ అనేవాడు. నా నెల్లూరు మాట విని ఆయన నవ్వేవాడు, ఆయన మాట విని నేను నవ్వేవాణ్ణి. ఇద్దరం తెలుగే మాట్లాడుతున్నామని హర్యానా వాడు నమ్మలేదు.

ఇక పని. కార్బైన్ అంటే పొట్టి తుపాకీ. పిస్తోలు తూటానే కాలుస్తుంది గానీ భుజానికి ఆనించి పట్టుకోవచ్చు. తూటా పేలగానే ఆ దెబ్బకి లోపలి బోల్టు వెనక్కి పరుగెత్తుతుంది. ఖాళీ డొల్ల బయటికి ఎగిరిపడుతుంది. వెనక, తుపాకీ మడమలో, అంటే భుజానికి ఆనే భాగంలో ఉన్న గొట్టంలో ఒక స్ప్రింగు ఉంటుంది. అది బోల్టుని మళ్ళీ ముందుకి తోస్తుంది. వస్తూ వస్తూ బోల్టు కొత్త తూటాని లోపలికి నెడుతుంది. బోల్టుకీ స్ప్రింగుకీ మధ్య బొటనవేలంత లావు ఇనప దిమ్మ ఒకటి ఉంటుంది. పుస్తకంలో దాని పేరు బఫర్. మేం బరువు అనేవాళ్ళం.

బ్యాంకు తలుపు చూసే ఉంటారు. తోసి వదిలితే దానంతటదే మూసుకుంటుంది. మరీ తేలిగ్గా ఉంటే గోడకి కొట్టుకుని ఎగిరొస్తుంది. మరీ బిగువుగా ఉంటే ముసలమ్మ తోసినప్పుడు సగమే తెరుచుకుంటుంది. మా పని ఆ తలుపు సరిచెయ్యడం. కాకపోతే ఈ తలుపు ఒక్క సెకనులో పదిసార్లు ఆడుతుంది. సగంలో ఆగితే తుపాకీ పట్టుకున్నవాడి ప్రాణం మీదికొస్తుంది.

నా పెట్టెలో బరువులు నాలుగు రకాలు. కలిసిపోకుండా చివర రంగు మచ్చలు పెట్టాను. అన్నిటికంటే తేలిక తెలుపు. తర్వాత పసుపు. తర్వాత నీలం. అన్నిటికంటే బరువు ఎరుపు. స్ప్రింగులు మూడు రకాలు: మెత్తనివి, మధ్యరకం, గట్టివి. ఈ కొత్త కార్బైన్‌కి వీటిలో ఏ బరువు, ఏ స్ప్రింగు సరిపోతాయో తేల్చాలి. ఉప్పుగాలిలో, ఇసకలో, ఎండలో తేల్చాలి. అందుకే మమ్మల్ని ఇక్కడికి పంపారు.

మొదటిరోజు సాయంత్రం పెట్టె విప్పి రంగుల వారీగా సర్దుతుంటే ఫైరరన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. నీలం మచ్చ ఉన్న దాన్ని తీసి అరచేతిలో ఆడించాడు.

“ఇదేటి బావూ, ఇంతే ఉంది. దీని మీదా మా పేణాలు ఆధారపడీసినాయి?”

తర్వాత చెప్పాడు. అంతకు ముందు ఏడాది ఆయన పల్టన్, అంటే పటాలం, కొండల్లో ఉంది. చేతిలో పాత కార్బైన్లు. అరిగిపోయినవి. ఒక మలుపులో శత్రువులు ఎదురుపడ్డారు. ఆయన ట్రిగ్గరు నొక్కాడు. డొల్ల ఇరుక్కుంది.

“నాను నొక్కినాను. పలకనేదు. మళ్ళీ నొక్కినాను. పలకనేదు. నా జోడీదారు సెయ్యి అడ్డం ఎట్టీసినాడు.”

జోడీదారంటే ఎప్పుడూ పక్కనే ఉండే జతగాడు. అతనికి ఇప్పుడు కుడి మోచేతి కింద ఏమీ లేదు. పల్టన్ జూన్‌లో మళ్ళీ పైకి వెళుతోంది. మేం ఈ కార్బైన్‌ని సరే అంటే ఇదే తీసుకెళతారు. కాదంటే అవే పాత తుపాకులు. సరే అనడానికి కెప్టెన్ సంతకం ఒక్కటే చాలదు, ఫైరరు సంతకం కూడా కావాలి.

“నాకు గురి కుదిరితేనే సేత్తాను. కుదరకపోతే నా సెయ్యి ఇరిసినా సెయ్యను. తెలిసీ తెలిసీ మా కుర్రోళ్ళ సేతిలో ఎట్టలేను కదా?”

వెళ్ళేముందు జేబులోంచి హోమియో మందు సీసాలాంటిది తీసి, కళ్ళకి అద్దుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తీర్థం కాబోలు అనుకున్నాను. అడగలేదు.

మొదటి నాలుగు రోజులూ పండగలా గడిచాయి. రెండు కార్బైన్లు. ఒకటో నెంబరు నాది, మార్పులన్నీ ముందు దాంట్లో చేసేవాణ్ణి. రెండో నెంబరు ఫైరరన్నది, వరసగా కాల్చి ఓపిక చూడ్డానికి. ఎవరి తుపాకీ వాళ్ళే తుడుచుకోవాలన్నది పాత నియమం. భాగాలు మార్చడం నా పనే గానీ, ఇంకొకడి తుపాకీ తుడిస్తే అవమానంగా చూస్తారు.

కుడివైపు ఒక గోనెపట్టా పరిచేవాణ్ణి. డొల్లలు ఎక్కడ పడుతున్నాయో చూడ్డానికి. ఎరుపు బరువు వేస్తే డొల్లలు కాళ్ళ దగ్గరే నీరసంగా రాలేవి. తెలుపు వేస్తే వేయించిన పేలాల్లా పట్టా దాటి ఎగిరేవి. లోపల బోల్టు వెనక్కి తగిలి టంగుమనేది. నీలం బరువు, మధ్యరకం స్ప్రింగు వేసినప్పుడు డొల్లలన్నీ పట్టా మధ్యలో చేటంత చోట కుప్పగా పడ్డాయి. శబ్దం కుట్టుమిషను నడిచినట్టు వచ్చింది. నాకు ఒళ్ళు పులకరించింది. మా ఆవిడ విన్నా నవ్వుతుంది గానీ, ఆర్మరరు జీవితంలో అంతకంటే సంతోషం ఉండదు.

ఆ నాలుగు రోజుల్లోనే మా చిన్నాన్న కూడా వచ్చాడు. రావడమంటే మామూలుగా కాదు.

“టవర్ నుంచి రేంజ్‌కి. ఒక పడవ. పసుపు ముక్కు. లోపలికి వస్తోంది.”

“రేంజ్ నుంచి టవర్‌కి. కాల్పులు ఆపాం. పడవ ఏం చేస్తోంది?”

“టవర్ నుంచి రేంజ్‌కి. ఒక పెద్దాయన చెయ్యి ఊపుతున్నాడు. చేతిలో చేప ఉంది.”

కెప్టెన్ మేడం నా వైపు చూసింది. “తెలిసినవాడా?”

“మా నాన్న తమ్ముడు, మేడం.”

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

పడవ ఇసక మీదికి లాగి చిన్నాన్న గంపతో దిగాడు. “ఏందిరా అబ్బయ్యా, ఇంటికి రాకుండా ఈడ టపాసులు కాల్చుకుంటుండావు? మీ మోతకి చాపలన్నీ మెడ్రాసు పొయ్యినాయి. ఇవి చెవుడు వొచ్చినయ్యి, దొరికినాయి. వొండుకోండి.”

మేడం అతనికి కాల్పుల వేళలు మళ్ళీ చెప్పమంది. చెప్పాను. చిన్నాన్న బుద్ధిగా తలూపాడు. చేపలు మాత్రం ఎవరూ వెనక్కివ్వలేదు.

అయిదోరోజు పన్నెండు దాటాక సముద్రపు గాలి తిరిగింది. మోకాలి ఎత్తున ఇసక పరుగెడుతోంది. రెండు తుపాకుల్లోనూ నీలం బరువే, మధ్యరకం స్ప్రింగే. ఒకటో నెంబరు ఆగకుండా కాలింది. రెండో నెంబరు మూడో మేగజీన్, అంటే మూడో తూటాల డబ్బా మధ్యలో ఆగిపోయింది. డొల్ల బయటికి పోయే కిటికీలో నిట్టనిలువుగా ఇరుక్కుని ఉంది.

ఫైరరన్న తుపాకీని ఇసక బస్తా మీద పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ డొల్లని చూస్తూ కూర్చున్నాడు. ఆయన చూస్తున్నది ఈ తుపాకీని కాదని నాకు తెలిసింది.

మర్నాడు ఉదయం అదే తుపాకీ చక్కగా కాలింది. మధ్యాహ్నం మళ్ళీ ఆగింది. ఆ మర్నాడూ అంతే. పెట్టెలో ఉన్న స్ప్రింగులన్నీ మార్చాను. తూటాల పెట్టె మార్చాను. ఆఖరికి రెండో నెంబరులో బరువు తగ్గించి పసుపు మచ్చది వేశాను. మధ్యాహ్నం ఆగకుండా కాలింది. అమ్మయ్య అనుకున్నాను. మర్నాడు ఉదయం ఆరింటికి అదే పసుపుతో కాలిస్తే బోల్టు వెనక్కి పోయి దిమ్మదిరిగేలా కొట్టుకుంది. గొట్టం చివర ఉన్న రబ్బరు దిండు చీలిపోయింది.

“అయితే ఒకటో నెంబరుకి నీలం, రెండో నెంబరుకి పొద్దున నీలం, మధ్యాహ్నం పసుపు. అంతేనా?” అంది మేడం.

“అలాగే కనిపిస్తోంది మేడం.”

“జవాను జేబులో రెండు బరువులు పెట్టుకుని, టైము చూసి మార్చుకుంటాడా? పల్టన్ మొత్తానికి ఒకటే బరువు, ఒకటే స్ప్రింగు. మిగిలింది ఒక్క వారం. తేలకపోతే ఫెయిల్ అని రాస్తాను. నాకూ ఇష్టం లేదు. కానీ రాస్తాను.”

ఆవిడ గొంతులో కోపం లేదు. అది ఇంకా బాధగా ఉంది. ఫైరరన్న డేరా నీడలో కూర్చుని రెండో నెంబరు తుడుచుకుంటున్నాడు. నాకు పావుగంట పట్టే పని ఆయనకి ముప్పావుగంట పట్టేది. వీపు మాకు, ముఖం సముద్రానికి. అంత శ్రద్ధగా తుడిచేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. పాపం, ఆ మనిషి తుపాకీయే ఆగాలా అని దేవుణ్ణి తిట్టుకున్నాను.

ముడి విప్పడం మొదలుపెట్టింది మేడమే. మర్నాడు మధ్యాహ్నం గాలి తిరగ్గానే ఆర్డరేసింది. “ఒకటో నెంబరులో ఉన్న బరువు, స్ప్రింగు తీసి రెండులో వెయ్యి. రెండులోవి ఒకటిలో వెయ్యి. ఇంకేమీ ముట్టుకోవద్దు.”

మార్చాను. అప్పటికి రెండింట్లోనూ మళ్ళీ నీలమే వేసి ఉంది. ఒకటో నెంబరు రెండోదాని బరువుతో హాయిగా కాలింది. రెండో నెంబరు ఒకటోదాని బరువుతో ఆగిపోయింది.

“తప్పు బరువులో లేదు. స్ప్రింగులో లేదు. అవి తిరిగే గొట్టంలో ఉంది. చూడు,” అంది.

ఫైరరన్న అప్పుడు నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. నేను పుల్‌త్రూ తీశాను. అంటే చివర గుడ్డముక్క కట్టి గొట్టంలోంచి లాగే తాడు. ఈ గొట్టానికి వెనక మూత ఉంటుంది కాబట్టి గుడ్డని సన్నని కడ్డీకి చుట్టి లోపలికి దించి తిప్పాను. గుడ్డ తెల్లగా వెళ్ళింది. గోధుమరంగు బంకతో బయటికొచ్చింది. బంకలో ఇసక. మేం వాడే నూనె అలా ఉండదు, పల్చగా నీళ్ళలా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

నువ్వుల నూనె. కాలిన వత్తి వాసన. గుళ్ళో దీపం ముందు నిలబడితే వచ్చే వాసన.

హోమియో సీసా గుర్తొచ్చింది. ముప్పావుగంట తుడవడం గుర్తొచ్చింది. తుడిచాక గొట్టంలో ఒక చుక్క వేస్తున్నాడు. మర్నాడు పొద్దున ఆరింటికి అది ఇంకా పల్చగానే ఉంటుంది, బరువు జారుతుంది. మధ్యాహ్నం ఎండకీ గాలికీ అది బంకై ఇసకని పట్టుకుంటుంది. అప్పుడు నీలం బరువు వెనక్కి పూర్తిగా పోలేక సగంలో ఆగుతోంది. రోజూ ఒక చుక్క, పాతదాని మీద కొత్తది.

మేడంకి గుడ్డ చూపించి చెప్పాను. ఆవిడ కూడా వాసన చూసింది.

“నేను ఆర్డరేస్తే మానేస్తాడు,” అంది. “కానీ ఆ తుపాకీని ఇక నమ్మడు. సంతకం చెయ్యడు. నువ్వు మాట్లాడు. మీ భాషలో.”

మీ భాషలో అంది గానీ, ఏ భాషలోనైనా ఆ మాట ఎలా చెప్పాలి? నీ ప్రాణం కాపాడుతుందని నువ్వు వేసిన చుక్కే తుపాకీ గొంతు పట్టుకుంటోందని ఎలా చెప్పాలి? నాలుగు గంటలకి ఆయన్ని ఒడ్డు వెంట నడుద్దాం రమ్మన్నాను. గుడ్డ నా జేబులో ఉంది. చిన్నాన్న పడవ లాగి ఉన్న చోటు దాకా ఇద్దరం నడిచాం. అక్కడ గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన వాసన చూడక్కర్లేదు. చూడగానే తెలిసింది.

“మా ఊరి అమ్మవోరి దీపంలోది,” అన్నాడు. “ఆ యేడాది తరవాత మాయమ్మ గుడికెల్లి తెచ్చింది. ఇది ఎట్టుకో నాయనా, ఈసారి పలుకుద్ది అంది. ఒక్క సుక్కే ఏస్తన్నాను బావూ. ఒక్క సుక్కే.”

“తెలుసన్నా. ఆ చుక్కే బంకగా మారుతుండాది.”

ఆయన ముఖం ఎర్రబడింది. “అయితే అమ్మోరి నూనె ఆపీసిందంటావా? మాయమ్మ ఇచ్చిన నూనె నా పేణం తీత్తాదంటావా?”

ఇంకొకడైతే కొట్టేవాడే. ఆయన చెయ్యి లేచి మళ్ళీ దిగింది. నాకు భయమేసింది. దెబ్బకి కాదు. ఇంకొక్క తప్పుమాట పడితే ఆయన్ని పూర్తిగా పోగొట్టుకుంటానని. పడవ వైపు చూశాను. ముక్కుకి పసుపు, దాని మీద మూడు కుంకం బొట్లు, ఒక వాడిన చామంతి దండ.

“అన్నా, ఇది మా చిన్నాన్న పడవ. సముద్రంలోకి పోయే ముందు గంగమ్మకి దణ్ణం పెట్టి, ముక్కుకి పసుపు పూస్తాడు. ఒక్క రోజు తప్పడు. జొరమొచ్చినా తప్పడు. గంగమ్మంటే అంత నమ్మకం ఆయనకి.”

“అయితే?”

“ఆ పసుపు ముక్కుకే పూస్తాడు. ఇంజిన్లో పొయ్యడు.”

ఆయన నా వైపు చూశాడు. పడవ వైపు చూశాడు. వెనక ఉన్న ఇంజిన్ వైపు చూశాడు.

“పోత్తే?”

“పోస్తే పడవ నడి సముద్రంలో ఆగతాది.”

“అమ్మోరికి కోపం రాదా, ఇంజిన్లో పొయ్యకపోతే?”

“మా గంగమ్మకి ఇంతవరకూ రాలా.”

ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని క్యాంపు వైపు నడిచాడు. నేను వెనక నడిచాను. ఆ సాయంత్రం ఆయన తుపాకీ తుడుచుకోలేదు. అది చూసి మేడం, “బాగా చెప్పావా, పాడుచేశావా?” అంది. తెలియదన్నాను.

మర్నాడు ఉదయం అయిదింటికి నా డేరా ముందు నిలబడ్డాడు. చేతిలో రెండో నెంబరు, విప్పేసి ఉంది. గొట్టం నా ముందు పెట్టాడు.

“నువ్వే తుడు.”

ఏ ఫైరరూ తుడవమని తన తుపాకీ ఇంకొకడి చేతిలో పెట్టడు. ఇసక మీద కూర్చుని తుడిచాను. గుడ్డ మార్చి మార్చి, లోపలికి వెళ్ళిన గుడ్డ వెళ్ళినట్టే తెల్లగా బయటికొచ్చేదాకా తుడిచాను. మా పల్చటి నూనె కొద్దిగా పూసి, మిగిలింది తుడిచేశాను. నీలం బరువు, మధ్యరకం స్ప్రింగు, కొత్త రబ్బరు దిండు. బిగించి ఇచ్చాను.

ఆయన సీసా తీశాడు. మూత తీసి బొటనవేలికి చుక్క అద్దుకున్నాడు. తుపాకీ మడమ మీద, ఎడమవైపు, బయట, వేలు గట్టిగా నొక్కాడు. నల్లటి ప్లాస్టిక్ మీద వేలిముద్ర మెరిసింది. ఆ వేలిని కళ్ళకి అద్దుకున్నాడు.

“మీ గంగమ్మ లెక్కన ఇదే కదా పడవ ముక్కు?”

“అదేనన్నా.”

చివరి పరీక్ష రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం పన్నెండున్నరకి. గాలి అంతకుముందు ఎన్నడూ లేనంత బలంగా ఉంది. టోపీ నిలవడం లేదు. నియమం ప్రకారం మేడం రెండు తుపాకుల మీదా గుప్పెడు ఇసక పోసింది. ఫైరరన్న రెండో నెంబరు భుజానికెత్తాడు.

“టవర్ నుంచి రేంజ్‌కి. ఆగండి. పడవ. పసుపు ముక్కు.”

మేడం నా వైపు చూడను కూడా లేదు. “మీ చిన్నాన్నకి ఈ దేశంలో ఇంకెక్కడా చేపలు దొరకవా?”

“టవర్ నుంచి రేంజ్‌కి. ఇంజిన్ ఆగినట్టుంది. తెడ్డు వేస్తున్నాడు.”

గాలికి ఎదురు తెడ్డు వేసుకుంటూ పడవ బయటికి పోవడానికి చాలాసేపు పట్టింది. ఈ లోపు తుపాకులు ఇసక బస్తాల మీద ఎండలో, గాలిలో పడి ఉన్నాయి. ఇసక వాటి మీది నుంచి సన్నగా పారుతోంది. తుడిచే గుడ్డ ఉన్న జేబు వైపు ఫైరరన్న చెయ్యి వెళ్ళింది.

“తుడవొద్దు,” అంది మేడం. “పైన కూడా ఎవరూ తుడవనివ్వరు.”

చెయ్యి ఆగింది. వెనక్కొచ్చింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. మాయమ్మ అంటున్నాడో, అమ్మవారు అంటున్నాడో నాకు వినపడలేదు. నేనైతే గంగమ్మనీ, చిన్నాన్న పాత ఇంజిన్నీ ఒకేసారి తలుచుకుంటున్నాను. రెండోదాన్ని తలిచిన మాట ఇక్కడ చెప్పలేను.

“టవర్ నుంచి రేంజ్‌కి. నీళ్ళు ఖాళీ.”

“రేంజ్ నుంచి టవర్‌కి. మొదలుపెడుతున్నాం.”

మొదటి మేగజీన్. కుట్టుమిషను. రెండోది. మూడోది దగ్గర నేను పట్టా వైపు చూడ్డం మానేసి ఆయన ముఖం చూశాను. నాలుగోది. అయిదోది. తుపాకీ వేడికి పైన గాలి వణుకుతోంది. చివరి మేగజీన్ చివరి తూటా కాలి, బోల్టు వెనక నిలబడిపోయింది. పట్టా మధ్యలో డొల్లల కుప్ప చేట దాటలేదు.

ఆయన తుపాకీ దించి నా వైపు తిరిగాడు.

“పలికింది బావూ.”

అంతే అన్నాడు. తర్వాత ఇసకలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మేడం సముద్రం వైపు తిరిగి నిలబడింది. నేను డొల్లలు ఏరుకున్నాను. ఏదో ఒక పని చెయ్యకపోతే నేనూ ఏడ్చేవాణ్ణి.

సాయంత్రం సంతకం చేశాడు. తెలుగులో చేశాడు. ఆ రాత్రి చిన్నాన్న పంపిన చేపలు వండాం. హర్యానా వాడు మొదటిసారి తిన్నాడు, రెండోసారి అడిగి వేయించుకున్నాడు. బిట్రగుంటలో రైలెక్కేటప్పుడు టీ కొట్టతను మళ్ళీ అడిగాడు. “స్ప్రింగులు అమ్మేసినారా అన్నా?” అమ్మేశామన్నాను.

నేను మా ఆర్మీ వర్క్‌షాపుకి తిరిగొచ్చాను. మామూలు పనిలో పడ్డాను. జూన్‌లో ఆ పల్టన్ కొత్త కార్బైన్లతో పైకి వెళ్ళిందని విన్నాను. తర్వాత ఏమీ వినలేదు. వినకపోవడమే మంచిదని మా పనిలో అనుకుంటారు. అయినా ఉదయం పేపరు తెరవగానే ముందు ఆ కొండల వార్తలే వెతికేవాణ్ణి.

మరుసటి వేసవిలో పల్టన్ కిందికి దిగింది. కార్బైన్లు ఏడాది తనిఖీకి మా వర్క్‌షాపుకే వచ్చాయి. పెట్టెలకి కాపలాగా వచ్చిన మనిషిని చూసి బల్ల మీద ఉన్నది అక్కడే వదిలేశాను. ఫైరరన్న. చిక్కిపోయాడు, నల్లబడ్డాడు. నవ్వు మాత్రం అదే.

“అందరూ దిగినారా అన్నా?”

“అందరూనూ.”

“ఎప్పుడైనా ఆగిందా?”

“ఆగితే నాను నీ ముందు ఇలా నిలబడతానేటి?” అని పెట్టె మూత తెరిచాడు.

ఒకదాని పక్కన ఒకటి, వరసగా, ఎడమవైపు పైకి పెట్టి సర్ది ఉన్నాయి. ఒకటి విప్పి గొట్టంలోకి చూశాను. అద్దంలా ఉంది. నీలం మచ్చ చెరగలేదు. ఇంకొకటి విప్పాను. అదీ అంతే.

అప్పుడు మడమలు చూశాను. ప్రతి దాని మీదా, ఎడమవైపు, బయట, ఒకే చోట, బొటనవేలి ముద్ర. నూనె ఎండి నల్లబడిన ముద్రలు. పెద్ద వేళ్ళు, సన్న వేళ్ళు, ఒక్కొక్కటి ఒక్కో మనిషిది. బెంగాలు వాడిదీ, బీహారు వాడిదీ, పంజాబు వాడిదీ ఏది ఏదో తెలియదు. పెట్టె ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్నాయి.

తనిఖీకి ముందు ఆయుధం మీద ఏ మరకా ఉండకూడదు. అది ఆర్మరరు పని. గుడ్డ నా చేతిలోనే ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాను.